కౌకో ఇంకా వద్దన్నాడు

సోమవారం పొద్దున కూడా చెత్తగది పక్కనున్న నీటిగుంట గడ్డకట్టింది. వరసగా ఇది నాలుగో రోజు. రాకెల్ సైకిలు పట్టుకుని ఆగి, వాకిటి దీపం వెలుగులో బూటు మడమతో ఆ గుంటని రెండుసార్లు గట్టిగా తొక్కి చూసింది. పైపైన కట్టిన పలచటి పెంకు కాదు, అడుగుదాకా బిగిసింది. తలెత్తి మూడో అంతస్తులో తమ వంటింటి కిటికీ వైపు చూసింది. మొగుడు కౌకో అక్కడే నిలబడి ఉన్నాడు, కాఫీ కప్పుని రెండు చేతులతో పొదివి పట్టుకుని. గుంటని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

ఇంకా వద్దట.

రాకెల్ పళ్ళు బిగించి సైకిలెక్కింది. టైర్లు వేసవివి, నున్నటివి. గేటు దాటేలోపే ముందు చక్రం ఒకసారి పక్కకి జారి మళ్ళీ దారికొచ్చింది. ఆమె గుండె దారికి రావడానికి మాత్రం రెండు వీధులు పట్టింది.

ఉత్తరపు చలిదేశంలోని ఈ ఔలు ఊళ్ళో చలికాలం వచ్చిందని సైకిలు మూలన పడేసేవాళ్ళు తక్కువ. బడిపిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళదాకా అందరూ మంచులోనే తొక్కుతారు. తొక్కాలంటే ఇనప మేకులు పొదిగిన టైర్లు ఎక్కించాలి. చిక్కల్లా ఎప్పుడు ఎక్కించాలన్న దగ్గరే. తొందరపడి ఎక్కిస్తే పొడి తారు మీద మేకులు అరిగిపోతాయి. అది చాలదన్నట్టు మంగలంలో పేలాలు వేగినట్టు చిటపటమని ఒకటే చప్పుడు. వీధి వీధంతా తల తిప్పి చూస్తుంది. ఆలస్యం చేస్తే ఎముకలు విరుగుతాయి. ముందెక్కిస్తే పిరికి, వెనకెక్కిస్తే వెర్రి. ఈ రెండింటి మధ్య ఉండేది ఏటా నాలుగు రోజులో, అయిదు రోజులో. అవి ఎప్పుడొస్తాయో రేడియోవాడికీ తెలియదు, దేవుడికీ తెలియదని ఆ వాకిట్లో వాళ్ళ నమ్మకం. కౌకోకి తెలుసు.

మూడు భవనాలకీ కలిపి ఒకటే వాకిలి. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఒక కట్టుబాటు నడుస్తోంది. ఎవరూ కూర్చుని రాసింది కాదు, దానంతటదే పాతుకుపోయింది. చెత్తగది పక్క గుంట వరసగా మూడు పొద్దులు గడ్డకట్టి, తొమ్మిది గంటలకి కూడా కరగకపోతే, ఆ మూడో రోజు కౌకో నేలమాళిగలోని సైకిళ్ళ కొట్లోకి దిగి రాకెల్ సైకిలుకి మేకుల టైర్లు ఎక్కిస్తాడు. మర్నాడు పొద్దున ఆరుంబావుకి ఆమె చిటపటలాడుతూ వాకిలి దాటుతుంది. పక్కల మీద ఉన్నవాళ్ళు ఆ చప్పుడు విని లేచి, సాయంత్రానికల్లా తమ చక్రాలు మోసుకుని కిందికి దిగుతారు. చేతకానివాళ్ళకి కౌకోయే ఎక్కించిపెడతాడు. ఒకరు జాము సీసా ఇస్తారు, ఒకరు పొగబెట్టిన చేప ఇస్తారు. అడవిలో రంపం మిషనుతో చెట్లు కొట్టి కొట్టి రిటైరైన మనిషికి, ఏడాదికోసారి మూడు భవనాలు తన మాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చోవడం చిన్న సంగతి కాదు.

మరి ఈ ఏడు మూడో పొద్దు నిన్ననే దాటిపోయింది. కౌకో కొట్లోకి దిగలేదు.

రాకెల్‌ని ఇంతగా కుదిపేస్తున్న సంగతి వేరే ఉంది. ఆమె ముసలివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మందులిచ్చి, ఒళ్ళు తుడిచి, జావ కాచి పెట్టే ఉద్యోగి. పొద్దుటి నుంచి మధ్యాహ్నందాకా పదకొండు ఇళ్ళు. ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ సరిగా ఆనదు కాబట్టి కారు లైసెన్సు లేదు, ఉన్నది సైకిలే. నిరుడు అక్టోబరులో, మూడో పొద్దుకి ఒక్కరోజు ముందు, రైలు కట్ట కింది సొరంగం వాలులో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పది వారాలు ఇంట్లో. తిరిగి పనిలో చేరిన రోజున పైఅధికారి మింట్టు, కూతురి వయసు పిల్ల, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి చాలా మర్యాదగా చెప్పింది, ఇంకోసారి ఇలా జరిగితే మీ మంచికోసమే మిమ్మల్ని ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాల్సి వస్తుందని. మర్యాదగా చెప్పిన మాట కాబట్టి దాన్ని తప్పించుకునే దారి లేదు.

ఆ పది వారాల్లో ఏం జరిగిందో రాకెల్‌కి తర్వాత తెలిసింది. వంతెన అవతలి ఎల్వీరా ముసలమ్మకి తొంభై ఒకటి. కళ్ళు పూర్తిగా పోయాయి. రాకెల్ బదులు కారులో వచ్చిన అమ్మాయికి ఆవిడ తలుపు తియ్యలేదు. ఎన్నిసార్లు కొట్టినా తియ్యలేదు. ఆఖరికి తాళం తీయించి లోపలికి వెళ్ళేసరికి మనిషి సగమైంది. మందులు డబ్బాలోవి డబ్బాలోనే ఉన్నాయి. ఎందుకు తియ్యలేదని రాకెల్ అడిగితే, ఆవిడ అదేదో తెలిసిన సంగతే అన్నట్టు చెప్పింది.

"చలికాలంలో నీ టైర్ల చప్పుడు వంతెన మీదుండగానే నాకు తెలుస్తుందమ్మాయ్. వేసవిలో నీ బెల్లు. కారుకి గొంతేదీ? ఎవరో ఏమో, ఎలా తీస్తాను?"

కాబట్టి రాకెల్‌కి మేకుల టైర్లు వాకిటివాళ్ళ సరదా కాదు. ఇంకోసారి పడితే పదకొండు ఇళ్ళూ పోతాయి. ఆ ముసలమ్మ తలుపు మళ్ళీ మూసుకుంటుంది.

నిరుడు ఆస్పత్రి వరండాలో, ఆమె చేతికి కట్టు కడుతుంటే, కౌకో ముఖం గోడకి తిప్పుకుని మాటిచ్చాడు. తప్పు తన గుంటదేనన్నాడు. వచ్చే ఏడు రెండు వారాలు ముందే ఎక్కించేస్తాను, ఊరు నవ్వితే నవ్వనీ అన్నాడు. ఎప్పుడూ మాట తప్పని మనిషి. అదే ఆమెకి మింగుడు పడటం లేదు.

అడిగినప్పుడల్లా ఒక సాకు. శనివారం నాడు గుంటలో ఆకులు కుళ్ళాయి, అలాంటి నీళ్ళు ఊరికే గడ్డకడతాయి, లెక్కలోకి రావన్నాడు. ఆదివారం, చెత్త లారీవాడు గుంట అంచు తొక్కేశాడు, లోతు తగ్గిందన్నాడు. సోమవారం సాయంత్రం గాలి నైరుతికి తిరిగింది, సముద్రం మీంచి తడి వస్తుందన్నాడు. రాకెల్ కిటికీ తెరిచి వేలు తడిచేసి బయట పెట్టింది. గాలే లేదు.

మంగళవారం చెత్తగది దగ్గర పై అంతస్తు సిర్కా పట్టుకుంది. రిటైరైన హెడ్‌మాష్టరు హియెతాలా గారి భార్య, ఇళ్ళ సంఘానికి అధ్యక్షురాలు, నోటీసులు రాయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. మీ ఆయన ఏమంటున్నాడని అడిగింది. ఇంకా వద్దంటున్నాడని రాకెల్ చెప్పింది. సిర్కా వాకిట్లోని ఎర్రపళ్ళ చెట్టు వైపు గడ్డం ఎత్తి, తనకీ అలాగే అనిపిస్తోందంది.

"కాయ బరువు, మంచు బరువు, రెండూ ఒకే ఏడు ఆ చెట్టు మొయ్యదు కదా. ఈ ఏడు కాయ విరగకాసింది. మంచు తక్కువే పడుతుంది."

"పైనుంచి పడే మంచు సంగతి చెట్టు చెబుతుందిలే," అంది రాకెల్. "నేల మీద పరిచిన గాజు సంగతి ఎవరు చెబుతారు?"

సిర్కా నవ్వింది. కౌకో ఉండగా మనకెందుకు బెంగ అంది. రాకెల్ చెత్త సంచీని అవసరమైన దానికన్నా గట్టిగా డబ్బాలోకి విసిరింది.

ఆ రాత్రి ఆమెకి నిద్ర సరిగా పట్టలేదు. బుధవారం పొద్దున దిగవలసిన చోట్ల దిగి నడిచింది, తొక్కగలిగిన చోట కాళ్ళు రెండూ బార్లా చాపి తొక్కింది. పదకొండిళ్ళకి పట్టే సమయం పదమూడిళ్ళకి పట్టినంతయింది. ఒకరి మందు అరగంట ఆలస్యం, ఒకరి జావ మాడు. మింట్టు ఫోను చేసి అంతా బాగానే ఉందా అని అడిగింది. బాగానే ఉందని చెప్పింది.

ఇంటికొచ్చేసరికి మెట్ల మీద సిర్కా భర్త, మేష్టారు, కౌకోని ఆపి మాట్లాడుతున్నారు. రోజూ పొద్దున్నే ఈత కొలనుకి సైకిలు మీద వెళ్ళే మనిషి ఆయన. సంచీ పట్టుకుని రెండు మెట్లు కింద నిలబడిపోయిన రాకెల్‌కి అన్నీ వినపడ్డాయి. ఈ ఏడు ఆలస్యమవుతున్నట్టుందే, ఎక్కించెయ్యమంటావా అని మేష్టారు అడిగారు. కౌకో ఆయన ముఖం వైపు చూడలేదు. చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.

"ఇంకా వద్దు మేష్టారూ."

"నువ్వు వద్దంటే వద్దు," అన్నారు మేష్టారు, హాయిగా.

గురువారం పొద్దున ఏడు గంటలకి అదే సొరంగం వాలులో మేష్టారు పడ్డారు.

భుజం విరగలేదు, కండరం తెగింది. మూడు వారాలు చెయ్యి కదపకూడదు. సాయంత్రం మెడకి వేలాడేసిన చేత్తో మెట్లెక్కుతూ కౌకో దంపతులకి ఎదురుపడి, తప్పు తనదే అన్నట్టు, "సొరంగం దగ్గర కాస్త జారింది" అన్నారు. ఒక్క నిష్ఠూరపు మాట లేదు. అదే తిట్టి ఉంటే బాగుండేది.

తలుపు మూసుకున్నాక రాకెల్ ఆగలేకపోయింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె గొంతు పక్కింటికి వినపడటం అదే మొదలు. "ఇంకా ఎవరి ఎముక విరిగితే నీ గుంటకి తృప్తి? నాదేనా? నిరుడు విరిగింది చాలలేదా?" కౌకో కోటు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. అతను వాకిట్లో చేతులు జేబుల్లో పెట్టుకుని గుంట చుట్టూ తిరగడం కిటికీలోంచి చూసింది. ఆమెకి అసహ్యం వేసింది. మొగుడి మీద అలాంటిది కలగడం కొత్త కాబట్టి, ఆ తర్వాత భయం కూడా వేసింది.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం మానేసి, ఊళ్ళోని సైకిలు షాపుకి ఫోను చేసింది. అది కౌకోకి తెలిస్తే చెంపదెబ్బ కొట్టినట్టే, అయినా చేసింది. చలి వార్త విని ఊరంతా ఎగబడిందట. పన్నెండు రోజుల తర్వాత తీసుకురమ్మన్నారు. ఆమె ఫోను పెట్టేసి, ఇక తనే ఎక్కించుకోవాలని నిశ్చయించుకుంది. అతికిన మణికట్టు ఒప్పుకుంటుందో లేదో చూద్దామనుకుంది.

ఇంటికొచ్చేసరికి కౌకో లేడు. మేష్టారి మందులు తెచ్చిపెడతానని వెళ్ళాడట. సైకిళ్ళ కొట్టు తాళం ఎప్పుడూ అతని పలచటి కోటు జేబులో ఉంటుంది. ఇవాళ చలికి మందపాటిది వేసుకెళ్ళాడు. రాకెల్ తాళం తీసుకుని నేలమాళిగలోకి దిగింది.

లైటు వెయ్యగానే ముందు కనబడింది విడిగా ఉన్న ఒక ముందు చక్రం. చలికాలం కోసం ఆమె సైకిలుకి ఇంకో జత చక్రాలు విడిగా ఉంచడం కౌకో అలవాటు; మేకులు అరిగిన పాత టైర్లు పీకేసి ఈ ఏడు వాటికి కొత్తవి ఎక్కిస్తున్నాడు. ఆ చక్రానికి మేకుల టైరు ముప్పాతిక వంతు ఎక్కి ఉంది. మిగిలిన జానెడు అంచు రిమ్ముకి పైన అలాగే బిగుసుకుని నిలబడిపోయింది. బల్ల మీద టైరు ఎక్కించే పలకలు మూడు, మూడూ విరిగినవే. నేల మీద ట్యూబులు నాలుగు, పలక నొక్కుడికి చిల్లులు పడినవి. ఒక జత ఉన్ని చేతి తొడుగులు, వేడినీళ్ళ సీసా, దాని పక్కన ఎండిన నెత్తురు మరకలున్న గుడ్డ. టైరు అంచున కూడా గోరు చీల్చుకున్న చోట నల్లగా మరక.

ఇది ఒక్కరోజు పని కాదు. రెండు వారాలుగా జరుగుతున్న యుద్ధం.

రాకెల్ ఆ పొట్టి ముక్కాలిపీట మీద కూర్చుండిపోయింది. రంపం మిషను ఇరవై నాలుగేళ్ళు పట్టుకున్న వేళ్ళు. చలి తగిలితే కొవ్వొత్తుల్లా తెల్లబడి చచ్చుపడతాయని ఎప్పటినుంచో తెలుసు. కానీ ఇంతదాకా వచ్చిందని తెలియదు. ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సెప్టెంబరు నుంచి అతను బొత్తాల చొక్కా వేసుకోలేదు, అన్నీ తలమీంచి తొడుక్కునే స్వెట్టర్లే. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. జాము సీసా మూత తియ్యమంటే తర్వాత అంటున్నాడు. పదకొండు ఇళ్ళల్లో పదకొండుగురి వేళ్ళు రోజూ పరీక్షగా చూసే మనిషి తను. ఎవరి చెంచా వణికితే ఎవరికి చెప్పాలో తెలిసిన మనిషి. సొంత ఇంట్లో బల్లకి ఎదురుగా కూర్చున్నవాడి చేతులు చూడలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

ఆమెకి ఏడుపొచ్చింది. నిన్న అన్న మాటలు గుర్తొచ్చి ఇంకా వచ్చింది. కోపం పోయిందా అంటే అదీ లేదు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే మేష్టారి భుజం బాగుండేది కదా అనిపించింది. చెప్పుకోలేకపోయిన మనిషి మీద జాలి, చెప్పనందుకు మంట, రెండూ కలిసి కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు. మిగిలిన జానెడు అంచుని తనే రెండు బొటనవేళ్ళతో తోసి చూసింది. మణికట్టు సుర్రుమంది. టైరు ఉలకలేదు.

పైకొచ్చి తాళం ఎక్కడిదక్కడ పెట్టింది. ఏమీ అడగలేదు. కౌకో మందులు ఇచ్చొచ్చి, బంగాళాదుంపలు తిని పడుకున్నాడు. రాకెల్ చీకట్లో కళ్ళు తెరుచుకుని ఆలోచించింది. చలి వల్ల కదా వేళ్ళు చచ్చుపడేది. చలి వల్ల కదా రబ్బరు బిర్రబిగిసేది. మరి రెండింటినీ వేడిచేసే చోటు ఆ కొట్టు పక్క గదే.

శనివారం సాయంత్రం అయిదు నుంచి ఆరుదాకా సౌనా, అంటే ఆవిరిస్నానం గది, వాళ్ళ వంతు. ఆరు నుంచి ఏడు మేష్టారు దంపతులది. ఇరవై రెండేళ్ళుగా అవే వేళలు, ఒక్క నిమిషం అటూ ఇటూ అయింది లేదు. పక్కవాళ్ళ వేడిలో నిమిషం తినడం కన్నా వాళ్ళ జేబులో చెయ్యి పెట్టడం నయం అనుకునే జనం. తలుపు మీద సిర్కా రాసిన నోటీసు ఉంది. లోపల బట్టలు ఆరేయరాదు, చేపలు పొగబెట్టరాదు. సైకిలు చక్రాల సంగతి ఎవరి బుర్రకీ తట్టలేదు కాబట్టి అందులో లేదు.

కౌకో తువ్వాలు చుట్టుకుని లోపలికి వచ్చేసరికి కింది మెట్టు మీద రెండు చక్రాలు, రెండు మేకుల టైర్లు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. వేడికి రబ్బరు వాసన. రాకెల్ పైమెట్టు మీద ఉంది. అతను గడప దగ్గరే ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళిపోతాడని ఆమెకి అనిపించింది. వెళ్ళలేదు. ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె కాలుతున్న రాళ్ళ మీద చెంబెడు నీళ్ళు పోసింది. ఆవిరి చెవుల మీదుగా కమ్ముకుంది.

"కొట్లోకి వెళ్ళావు," అన్నాడు.

"వెళ్ళాను."

ఇంకో చెంబు పోసింది. అతను మోకాళ్ళ మీద చేతులు పరిచి వాటినే చూస్తూ చెప్పాడు. మాటిచ్చినట్టే రెండు వారాలు ముందే మొదలుపెట్టాడట. మొదటిరోజు కాకపోతే రెండో రోజు ఎక్కుతుందనుకున్నాడట. రోజూ ఇవాళ ఎక్కించేస్తాను, ఇక చెప్పక్కర్లేదు అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చిందట. వాకిట్లో వాళ్ళు ఏమంటావని అడిగినప్పుడల్లా, ఇంకా వద్దు అన్న మాట తప్ప ఇంకోటి నోటికి రాలేదట.

"నేను పడతానని భయం లేదా నీకు?"

"నువ్వు కనుమరుగయ్యేదాకా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. రోజూ."

"కిటికీ దగ్గర నిలబడితే టైరెక్కుతుందా?"

"ఎక్కదు," అన్నాడు కౌకో.

రాకెల్ అతని కుడి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళ కొసల్లోకి మెల్లగా ఎరుపు వస్తోంది. ముందు చిటికెన వేలు, తర్వాత ఒక్కొక్కటే. ఆమె వాటిని లెక్కపెట్టినట్టు నొక్కుతూ పోయింది. చివరికి బొటనవేలు కూడా ఎర్రబడ్డాక, లే, చల్లారకముందే కానిద్దాం అంది.

బట్టలు మార్చుకునే గదిలో బెంచీ మీద, తువ్వాళ్ళతోనే, పని మొదలుపెట్టారు. వేడికి టైరు మెత్తబడి మాట వింటోంది. కౌకో వేళ్ళకి పాత తెలివి తిరిగొచ్చింది. ముందు చక్రం పావుగంట తిరగకుండానే అయిపోయింది. వెనకది మొదలెట్టేసరికి చెమట ఆరింది. గోడ గడియారం అయిదు యాభై. అయిదు యాభై అయిదు. జానెడు మిగిలింది, బెత్తెడు మిగిలింది. అక్కడ ఆగిపోయింది. కౌకో వేళ్ళ కొసలు మళ్ళీ తెల్లబడటం రాకెల్ చూసింది. అతనూ చూశాడు. ఆమె తోస్తే మణికట్టు నిలవడం లేదు, అతను తోస్తే వేళ్ళు.

సరిగ్గా ఆరింటికి తలుపు మీద రెండుసార్లు కొట్టారు.

రాకెల్ కౌకో వైపు చూసింది. ఇప్పుడు చక్రాన్ని బెంచీ కిందికి తోసేసి, ఏమీ లేనట్టు నవ్వి, తువ్వాలు సర్దుకుని వెళ్ళిపోతాడనుకుంది. మళ్ళీ రేపటి నుంచి గుంటలో ఆకులు, గాలి నైరుతి. మళ్ళీ సోమవారం తను నున్నటి టైర్ల మీద సొరంగంలోకి.

కౌకో చక్రం చేత్తో పట్టుకునే లేచి వెళ్ళి తలుపు తీశాడు. ఎదురుగా మేష్టారు, మెడకి వేలాడుతున్న చెయ్యి, భుజాన తువ్వాలు. ఆయన వెనక బకెట్టుతో సిర్కా.

"మేష్టారూ, నా వేళ్ళు పనిచెయ్యట్లేదు," అన్నాడు కౌకో. "నేనాగింది చలి కోసం కాదు. టైరెక్కించలేక. మీకు అబద్ధం చెప్పాను."

మేష్టారు చక్రం వైపు చూశారు, కౌకో చేతుల వైపు చూశారు.

"బుధవారం చెప్పి ఉంటే నా భుజం బాగుండేది," అన్నారు చివరికి.

"అవును."

"ముప్ఫై ఏళ్ళు పిల్లలకి థర్మామీటరు చూడటం నేర్పాను. గురువారం పొద్దున మా ఇంటి థర్మామీటరు మైనస్ నాలుగు చూపించింది. చూసి కూడా, కౌకో వద్దన్నాడు కదా అని బయల్దేరాను." ఆయన బాగున్న చేత్తో ముక్కు రుద్దుకున్నారు. "నీది అబద్ధమైతే నాది బుద్ధితక్కువ. ఎక్కడ పట్టుకోవాలో చెప్పు."

"ఎదురువైపు. అంచులు రెండూ లోపలికి నొక్కి పట్టుకోండి, వదలొద్దు."

మేష్టారు ఒంటిచేత్తో, మోకాలు ఆనించి నొక్కిపట్టారు. కౌకో తెల్లబడిన బొటనవేళ్ళు ఆనించాడు. రాకెల్ వాటి మీద తన అరచేతులు మోపి తోసింది. ముగ్గురికీ కలిపి ఒక మనిషికి సరిపడా చేతులున్నాయి. టప్పుమని చప్పుడైంది. టైరు రిమ్ములో కూర్చుంది.

సిర్కా బకెట్టు కింద పెట్టి, ఆ తలుపు మూస్తారా, వేడంతా పోతోంది అంది. ఆ తర్వాత గడియారం చూసి, ఆరూ పది, మీ పది నిమిషాలు వచ్చే శనివారం మాకివ్వాలి అని కూడా అంది.

ఇంతా చేస్తే, ఆదివారం రాత్రికి గాలి నిజంగానే నైరుతికి తిరిగింది. సోమవారం పొద్దున లేచేసరికి వాన. థర్మామీటరు సున్నాకి పైన ఆరు. చెత్తగది పక్క గుంట నిండా నీళ్ళు, అందులో ఆకులు తేలుతున్నాయి. రాకెల్ రెయిన్‌కోటు వేసుకుని గుమ్మం దగ్గర తటపటాయించింది. నున్నటి టైర్లున్న చక్రాలు ఇంకా కిందే ఉన్నాయి, మార్చుకోవాలంటే అయిదు నిమిషాల పని.

"ఏమంటావు?" అంది.

"వెళ్ళు," అన్నాడు కౌకో. స్వెట్టరు చేతులు కిందికి లాక్కుని, కిటికీ దగ్గరికి కాకుండా మెట్ల దగ్గరికి వచ్చాడు. "నవ్వితే నవ్వనీ."

వానలో, బోడి తారు మీద, మేకులు చిటపటలాడాయి. ఆరుంబావు. ఒక కిటికీలో లైటు వెలిగింది, ఇంకోదాంట్లో వెలిగింది. మూడో భవనంలో ఎవరో తెర తొలగించి వానని చూశారు, ఆమెని చూశారు, మళ్ళీ వానని చూశారు. రాకెల్ బుగ్గలు మండాయి. తల దించుకోకుండా తొక్కింది. సొరంగం వాలులో నీళ్ళు కాలవ కట్టి పారుతున్నాయి, జారడానికి ఏమీ లేదు. అయినా అక్కడ అలవాటుగా బ్రేకు మీద చెయ్యి బిగిసింది. టైర్లు నేలని కరిచి పట్టుకున్నాయి. ఆ చెయ్యి మెల్లగా వదులైంది.

వంతెన దిగి ఎల్వీరా ముసలమ్మ ఇంటి ముందు సైకిలు ఆపేసరికి తలుపు అప్పటికే తీసి ఉంది. ఆవిడ గోడ పట్టుకుని గడపలో నిలబడింది, ముఖం వీధి వైపు.

"చలికాలం వచ్చేసిందా అమ్మాయ్?"

"ఎక్కడ మామ్మగారూ, వాన పడుతోంది. ముసలి మొగుడు తొందరపడి ఎక్కించాడు."

"వాన సంగతి నాకెందుకు," అంది ముసలమ్మ. చెయ్యి చాపి గాలిలో వెతికి, రాకెల్ తడి తొడుగుని పట్టుకుంది. "అవి ఎక్కాయంటే వసంతందాకా నువ్వే వస్తావు కదా?"

"నేనే వస్తాను," అంది రాకెల్. లోపలికి వెళ్ళి పొయ్యి మీద జావ పెట్టింది.